బిడ్డా, ఆ రీడింగులు జాగ్రత్త

బిడ్డా,

నువ్వు దేవరకొండ ఇంట్లోనే ఉండి ఫ్లోరైడ్ నీళ్ల మీద పరిశోధన చేస్తావని, దానికి కొత్త కంప్యూటర్ కొంటున్నావని తమ్ముడు ఫోన్‌లో చెప్పగానే నా కడుపు నిండింది. మర్రిగూడ దిక్కు వంకరపోయిన కాళ్లతో నడిచేవాళ్లను చూస్తూ పెరిగినదానివి. ఈ పని నువ్వు కాక ఎవరు చేస్తారు? కానీ రాత్రంతా నాకు ఒకటే టెన్షన్.

షాపువాళ్లు గ్రాఫిక్స్ కార్డు అంటగడతారు. నువ్వు నడిపేది భూగర్భజలాల కదలికను లెక్కగట్టే మోడ్‌ఫ్లో ప్రోగ్రామ్, దానికి ఆ కార్డు అక్కరకు రాదు. ఆ డబ్బు 32 జీబీ ర్యామ్‌కు, మంచి ఎస్‌ఎస్‌డీకి పెట్టు. ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ వేసుకో. రేకుల గదిలో మాత్రం పెట్టకు, మే ఎండకు ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

చుట్టూ బోరు మోటార్లే కాబట్టి వోల్టేజీ నిలకడగా ఉండదు. యూపీఎస్ కొను. దానికంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించు. "తర్వాత చూద్దాంలే" అంటావు, నీ సంగతి నాకు తెలుసు. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. ఆయన కంప్యూటర్‌లో రెండు డిస్కులు, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడేది. బ్యాకప్ తీయమంటే "రెండున్నాయి కదా" అనేవాడు. ఒక డిస్కు చెడిపోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ పాత ఫైళ్లు తీసేయడానికి రాసిన స్క్రిప్టులో ఫోల్డర్ పేరు తప్పు పడింది. ఒకదాంట్లో చెరిగినవి రెండోదాంట్లోనూ చెరిగాయి. మోడల్ ఫలితాలు పోతే మళ్లీ నడుపుకోవచ్చు. ఊరూరా తిరిగి రాసుకొచ్చిన నీటిమట్టాలు, ఏ బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందో ఆ లెక్కలు, అన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. పోయిన ఎండాకాలపు నీటిమట్టాన్ని ఇవాళ వెళ్లి కొలవలేం కదా! ఆయన ఆ రోజు అన్నానికి కూడా లేవలేదు. ఏమనాలో తెలియక మేమంతా పక్కన నిలబడ్డాం. నీకు ఆ రోజు రావొద్దు తల్లీ.

అందుకే ఫీల్డ్ రీడింగులను వేరే ఫోల్డర్‌లో పెట్టి రీడ్-ఓన్లీ చెయ్యి, అంటే చదవడమే తప్ప మార్చడం, చెరపడం కుదరకుండా. మూడు కాపీలు ఉంచు, రెండు వేర్వేరు రకాల నిల్వ సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. నెలకోసారి బ్యాకప్ నుంచి ఏదో ఒక ఫైలు తెరిచి చూడు, వస్తుందో లేదో.

కోప్పడ్డాననుకోకు. రాత్రిపూట మోడల్ నడుస్తుంటే నువ్వు కాపలా కూర్చోవద్దు, దాన్ని వదిలేసి తిని పడుకో. బయట పెట్టే కాపీకి చోటు వెతకకు, మహబూబ్‌నగర్‌లో నా బీరువా ఉంది. దసరాకు వచ్చేటప్పుడు ఆ డిస్కు తీసుకురా.

మీ అత్త