పొడి రాలుతుంటే మిషన్ ఆపండి

మే నెల గాలివానలకి తురాయి కొమ్మ విరగని వీధి హైదరాబాద్‌లో ఉండదు కాబట్టి, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కొమ్మలు కోసే మోటారు రంపం, అదే చైన్ సా గురించే ఉన్నాయంటే నాకేమీ ఆశ్చర్యం అనిపించలేదు. ఆన్‌లైన్‌లో అగ్గువకి దొరుకుతోంది, కొనేస్తున్నారు. డబ్బాతో పాటు వచ్చిన పుస్తకం మాత్రం ఎవరూ తెరవడం లేదని ఉత్తరాలు చదువుతుంటేనే తెలుస్తోంది.

ప్రశ్న: 58 సీసీ, 22 అంగుళాల చైన్ సా కొన్నాను. మొదట రెండు కొమ్మల్ని అరటిబోదె కోసినట్టు కోసింది. ఇప్పుడు ఎంత నొక్కినా దిగడం లేదు, పొగ వస్తోంది, కోత కుడివైపుకి వంకర పోతోంది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. మిషన్ పాడైనట్టేనా?
– పాఠకుడు, అల్వాల్

జవాబు: మిషన్‌కి ఏం కాలేదు, చైన్ మొద్దుబారింది. కింద రాలేదాన్ని చూస్తే చాలు, అదే చెబుతుంది. పళ్లు పదునుగా ఉంటే చెక్క చిన్న చిన్న తునకలుగా రాలుతుంది, మొద్దుబారితే మైదాపిండిలాంటి పొడి రాలుతుంది. పొడి కనబడగానే ఆపేయాలి. మనవాళ్లు సరిగ్గా అక్కడే ఆపరు, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కుతారు, దాంతో బార్, అంటే చైన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ, వేడెక్కుతుంది, చైన్ సాగుతుంది, చివరికి మనిషి అలిసిపోతాడు, అలిసిన చేతుల్లో మిషన్ అదుపు తప్పుతుంది. నేను చూసిన దెబ్బల్లో చాలావాటికి మొదలు ఇదే. పదునున్న రంపం తన బరువుకి తానే దిగుతుంది, దాన్ని నిలకడగా పట్టుకోవడమే మీ పని.

అయితే సాన పెట్టే ఆకురాయి పట్టుకునే ముందు ఒకటి చూడండి. మధ్యలో చైన్ విప్పి మళ్లీ ఎక్కించారా? తిరగేసి ఎక్కించి ఉండొచ్చు. బార్ పైఅంచు మీదున్న పళ్ల కోత అంచులు ముందుకి, అంటే బార్ కొసనున్న ముక్కు వైపుకి చూడాలి. నవ్వకండి, పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఓసారి ఇలాగే ఎక్కించి అరగంట పొగ మింగాను.

అది సరిగ్గానే ఉంటే మీ చైన్‌ని చెడగొట్టింది మేకో మట్టో అయ్యుంటుంది. మన ఊళ్లో టూలెట్ బోర్డు కొట్టని చెట్టేది చెప్పండి! బోర్డు ఊడిపోతుంది, మేకు లోపలే ఉండిపోయి దాని మీద బెరడు పెరుగుతుంది. మిషన్ పెట్టే ముందు బెరడు మీద చెయ్యి పెట్టి తడిమి చూడండి. కింద పడిన కొమ్మల్ని నేల మీదే పెట్టి కోస్తే బార్ మట్టికి తగులుతుంది, ఒక్క క్షణం తగిలినా పదును పోతుంది. కింద ఓ చిన్న మొద్దు పెట్టి కొమ్మను పైకి లేపి కోయండి.

ఇక వంకర సంగతి. చైన్‌లో పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి ఉంటాయి గమనించారా? అమెరికాలో కలప కోసే పని చేసిన జోసెఫ్ కాక్స్ 1940ల్లో ఒక మొద్దులో పురుగు కుడికీ ఎడమకీ కొరుక్కుంటూ పోవడం చూసి ఆ రూపం పట్టుకున్నాడు, నేటి చైన్ల పళ్లు ఆ దారిలోనే వచ్చాయి. రెండు వైపులా సమానంగా కొరికితేనే కోత తిన్నగా పోతుంది, ఒకవైపు పళ్లు మొద్దుగానో పొట్టిగానో ఉంటే రెండోవైపుకి లాగుతుంది. ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీసి, చేతికి గ్లవ్స్ వేసుకుని కూర్చోండి. గుండ్రటి ఆకురాయి కావాలి, దాని సైజు మీ చైన్ పిచ్‌ని, అంటే లంకెల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. పిచ్ .325 అంగుళాలైతే 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి, చిన్న మిషన్లలో వచ్చే 3/8 అంగుళాల 'లో ప్రొఫైల్' (ఎత్తు తక్కువ) చైన్‌కి 4 మిల్లీమీటర్లది. మామూలు చైన్లకి కోణం 30 డిగ్రీలు. ఆకురాయిని పన్ను లోపలి వైపు నుంచి బయటికి నెట్టాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి, ముందుకీ వెనక్కీ రుద్దితే ఆకురాయీ పోతుంది, పన్నూ పోతుంది. ఒక్కో పన్నుకి రెండు మూడు పోట్లు, అన్నిటికీ అదే లెక్క. అన్నిటికంటే పొట్టిగా ఉన్న పన్నును చూసి మిగతావాటిని దాని సమానానికి తేవాలి. పన్ను ముందర చిన్న బొడిపె ఉంటుంది, కోత ఎంత లోతుకి దిగాలో నిర్ణయించేది అదే, చాలా చైన్లలో అది పన్ను కంటే 0.65 మిల్లీమీటర్లు కిందకి ఉండాలి. నాలుగైదుసార్లు సాన పెట్టాక గేజ్ పెట్టి ఆ ఎత్తు చూసుకోండి. త్వరగా కోస్తుందని దాన్ని ఎడాపెడా అరగదీసేవాళ్లున్నారు, అప్పుడు మిషన్ చెక్కను కరిచి పట్టి ఎగిరెగిరి పడుతుంది.

చైన్ బిగింపు కూడా చూసుకోండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చైన్ బార్ కింది అంచుకి అంటుకుని ఉండాలి, చైన్‌ని ఆపే బ్రేక్ వదిలి గ్లవ్స్‌తో లాగితే సులువుగా తిరగాలి. కొత్త చైన్ మొదటి గంటలోనే సాగుతుంది కాబట్టి మాటిమాటికీ ఆపి చూడాలి. పని వేడిలో బిగించిన చైన్‌ని అలాగే వదిలేసి ఇంటికెళితే చల్లారాక కుంచించుకుని బార్‌నీ ఇంజన్‌లోని క్రాంక్‌షాఫ్ట్‌నీ లాగేస్తుంది, పని అయ్యాక కాస్త వదులు చేయండి. చైన్ ఆయిల్ వస్తోందో లేదో తెలియాలంటే బార్ ముక్కును అట్టముక్కకి ఓ జానెడు దూరంలో ఉంచి రేస్ ఇవ్వండి, నూనె చార పడాలి. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పోయకండి, అందులో ఇనుప రజను ఉంటుంది, ఆ తుంపర మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది కూడా.

ప్రశ్న: మావారు ప్రహరీ గోడెక్కి, ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో మిషన్ నడుపుతున్నారు, అదీ లుంగీ మీద. చెబితే "నీకేం తెలుసు" అంటారు. మీరు రాస్తే చదువుతారు, కాస్త గట్టిగా రాయండి.
– పాఠకురాలు, సఫిల్‌గూడ

జవాబు: అమ్మా, ఈ పేజీ మడతపెట్టి ఆయన టీ కప్పు పక్కన పెట్టండి. అయ్యా, ఇక మీకే చెబుతున్నాను. బార్ ముక్కు ఉంది చూశారా, దాని పైసగం తిరుగుతూ దేనికైనా తగిలిందంటే చైన్ అక్కడ కోయలేక ఆగుతుంది, ఆ బలమంతా బార్‌ని పైకి లేపి మీ మొహం మీదికి విసురుతుంది. దీన్ని కిక్‌బ్యాక్ అంటారు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది, ఎంత మొనగాడైనా అప్పటికప్పుడు తప్పుకోలేడు. కొమ్మల గుబురులో మీరు కోసే కొమ్మ కాకుండా దాని వెనక కనబడని ఇంకో కొమ్మకి ముక్కు తగిలినా ఇదే జరుగుతుంది.

అందుకే రెండు చేతులూ కావాలి. ముందు పిడిని ఎడమచేత్తో, బొటనవేలు కింద నుంచి చుట్టి పట్టుకోవాలి. మిషన్ ఎగిరితే ఆ చేతి మణికట్టు ముందున్న గార్డుకి తగిలి చైన్ బ్రేక్ పడుతుంది, ఒంటిచేత్తో పట్టుకున్నవాడికి ఆ అవకాశమే లేదు. మీరు బార్ వరసలో కాకుండా కాస్త ఎడమకి నిలబడాలి, భుజం కంటే ఎత్తులో కోయకూడదు. నిచ్చెన మీద, గోడ మీద అసలు వద్దు, ఎత్తులో ఉన్న కొమ్మలకి పొడవాటి కర్ర రంపం చాలు, లేదంటే తాళ్లు కట్టుకుని ఎక్కే పనివాళ్లని పిలవండి. పని మొదలుపెట్టే ముందు రోజూ ఓసారి రేస్ ఇచ్చి మణికట్టుతో గార్డు నెట్టండి, చైన్ వెంటనే ఆగకపోతే ఆ రోజు పని లేదు. స్టార్ట్ చేసేటప్పుడు మిషన్ నేల మీద పెట్టి, బ్రేక్ వేసి, వెనక పిడి మీద కుడికాలు పెట్టి తాడు లాగండి. గాల్లో వేలాడదీసి లాగడం సినిమాల్లో బాగుంటుంది.

లుంగీ గురించి రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది. లుంగీ, తువ్వాలు, వదులు చొక్కా ఏదైనా సరే చైన్‌కి చిక్కిందంటే మనిషిని లాక్కుపోతుంది. దీనికోసమే ప్యాంట్లు, ముందు కట్టుకునే చాప్స్ దొరుకుతాయి, లోపల పొడవాటి పోగులుంటాయి, చైన్ తగలగానే అవి బయటికొచ్చి చైన్‌ని తిప్పే పళ్లచక్రానికి (స్ప్రాకెట్) చుట్టుకుని ఆపేస్తాయి. మిషన్ డబ్బుల్లో కొంత తగ్గించుకునైనా ఇది కొనండి, దానితో పాటు కంటి అద్దాలు లేదా జాలీ ఉన్న హెల్మెట్, చెవులకి మఫ్‌లు, గట్టి బూట్లు. ఈ పెట్రోల్ మిషన్ల మోత 100 డెసిబెల్స్ దాటుతుంది.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. పిడులు తిరగేసి పట్టుకోవచ్చా?
– పాఠకుడు, మౌలాలి

జవాబు: వద్దండి. కుడిచెయ్యి వెనక, ఎడమచెయ్యి ముందు, ఎవరికైనా ఇంతే. తిరగేసి పడితే మీ ఒళ్లు నేరుగా బార్ వరసలోకి వస్తుంది. నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది.

ప్రశ్న: గ్రైండర్‌కి తగిలించే చైన్ సా అటాచ్‌మెంట్ చాలా తక్కువకి వస్తోంది. ఇంట్లో ఇనుము కోసే 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఉంది. కొనమంటారా?
– పాఠకుడు, బాలానగర్

జవాబు: వద్దు. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, ఆ వేగానికి తగ్గట్టు కాదు ఆ చైన్ చేసింది. చైన్ బ్రేక్ లేదు, స్విచ్ లాక్ అయిపోతే చెయ్యి వదిలినా ఆగదు. కొన్నవాళ్లు అమ్మేయకండి కూడా, పారేయండి.

ప్రశ్న: ఏడాదిగా అటక మీదున్న మిషన్ స్టార్ట్ కావడం లేదు. ట్యాంకులో అప్పటి పెట్రోలే ఉంది. తాడు లాగి లాగి భుజం పోయింది.
– పాఠకుడు, ఉప్పల్

జవాబు: తప్పు భుజానిదీ కాదు, తాడుదీ కాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది, అది గాల్లో తేమను పీల్చుకుంటుంది, కార్బురేటర్‌లోని సన్నటి పొరల్నీ రబ్బరు పైపుల్నీ గట్టిపడేలా చేస్తుంది. పాత పెట్రోల్ ఒంపేయండి, ఫిల్టర్ మార్చండి, ప్లగ్ విప్పి తుడిచి గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు ఉందో చూడండి, ఎయిర్ ఫిల్టర్ దులపండి. అప్పటికీ మొరాయిస్తే కార్బురేటర్ కిట్ వేయించాలి, రాణిగంజ్‌లో అడిగి చూడండి.

పెట్రోల్‌లో ఆయిల్ కలపడం సంగతి చేతక్ స్కూటర్ నడిపిన తరానికి చెప్పక్కర్లేదు, ఇదీ టూ స్ట్రోకే. పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్, 25:1 అని ఉంటే 40. అంచనాగా పోయొద్దు, మందు సీసా మూతో సిరంజో వాడండి. నెలలో వాడేంతే కలపండి. అటకెక్కించే ముందు ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అది ఆగేదాకా ఇంజన్ నడపండి.

ప్రశ్న: గాలికి వేపచెట్టు వేళ్లతో సహా పడి గేటుకి అడ్డంగా ఉంది, పైన కరెంటు తీగ చిక్కుకుంది. నా దగ్గర మిషన్ ఉంది. కోసేయనా?
– పాఠకురాలు, నాచారం

జవాబు: తీగ ఉందంటే దగ్గరికి కూడా వెళ్లొద్దమ్మా. కరెంటువాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి, కరెంటు ఆపి వాళ్లొచ్చి తీగ తీసేదాకా చెట్టుని ముట్టుకోకండి. తీగ తీశాక కూడా పెకలించుకు పడిన చెట్టుతో జాగ్రత్త, కాండం కోయగానే బరువు పోయి, మట్టితో ఉన్న వేళ్ల గడ్డ ఒక్కసారిగా వెనక్కి, పడక ముందున్న గుంటలోకి లేచిపోతుంది. ఆ వెనక ఎవరూ నిలబడకూడదు, పిల్లల్ని అసలు రానీయొద్దు. వంగి బిగిసి ఉన్న కొమ్మకి ముందు నొక్కుకుపోయిన వైపు కొంచెం కోసి, తర్వాత సాగిన వైపు కోయాలి, తిరగేసి చేస్తే బార్ ఇరుక్కుంటుంది, లేదా కొమ్మ చీలి మీదికొస్తుంది. ఇవన్నీ మొదటిసారి చేసే పనులు కావు. చిన్న కొమ్మలు మీరు తీసేయండి, కాండం మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లకి వదిలేయండి.

ఒకటి మరిచాను, ఇదే ఉత్తరం చివర్లో పక్కనున్న రెండో వేపచెట్టు కూడా "ముందుజాగ్రత్తగా" కొట్టేయొచ్చా అని అడిగారు. నిలబడి ఉన్న చెట్టుకి నీరు, భూమి, చెట్ల రక్షణకి వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తుంది, మీ స్థలంలో ఉన్నా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఎండిన కొమ్మలేమైనా ఉంటే అవి మాత్రం వానలకి ముందే తీయించేయండి.