వేలంలో అమ్మేశాక వస్తువులో లోపం కనిపించింది. కొన్నవారికి నేనే చెప్పాలా?

ప్రశ్న: పాత కెమెరా లెన్స్ ఒకటి ఆన్‌లైన్ వేలంలో అమ్మాను. డబ్బు వచ్చేసింది. ప్యాక్ చేసేటప్పుడు చూస్తే లోపల ఫంగస్ ఉంది. లిస్టింగ్‌లో ‘గాజు శుభ్రంగా ఉంది’ అని రాశాను. ముందే చెప్పాలా, పంపేసి వాళ్లు అడిగితే చూసుకోవచ్చా? చెబితే రేటింగ్ పోతుందేమో అని భయం.

జవాబు:

పంపకండి. ఈ రోజే రాయండి.

నీతి సంగతి పక్కన పెట్టి ముందు ఖర్చు చూద్దాం. లెన్స్ ఇంకా మీ బల్ల మీదే ఉంది కాబట్టి ఇప్పుడు చెబితే పోయేది ఒక మెసేజ్. నోరు మెదపకుండా పంపితే, అది చేరాక కొన్నవారు టార్చి వేసి చూస్తారు. పాత లెన్సులు కొనేవాళ్లు చూడకుండా ఉండరు. అప్పుడు వాళ్లు కట్టిన షిప్పింగ్ మీరే తిరిగివ్వాలి, రిటర్న్ షిప్పింగూ మీరే భరించాలి. లెన్స్ రెండుసార్లు దారి దెబ్బలు తింటుంది, డబ్బు వారాల తరబడి ఇరుక్కుంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే.

ఇక రేటింగ్. మీరు సైట్ పేరు రాయలేదు, ఈబే అనే వేలం సైట్ అనుకుందాం. దాని లెక్క తెలిస్తే సగం భయం పోతుంది. అక్కడ అమ్మకందారు ఖాతాలో డిఫెక్ట్‌గా, అంటే తప్పు మార్కుగా, పడేవి ముఖ్యంగా రెండు. ఒకటి, సరుకు లేదనో పాడైందనో మీరు ఆర్డర్ రద్దు చేయడం. రెండోది, కొన్నవారి ఫిర్యాదును మీరు పరిష్కరించకపోతే ఈబే కలగజేసుకుని మీకు వ్యతిరేకంగా తేల్చడం. మొత్తం డిఫెక్టులు మీ అమ్మకాల్లో 2 శాతం దాటకూడదు. ఆ రెండో రకానికి విడిగా ఉన్న హద్దు 0.3 శాతమే. ‘వివరణకు తగ్గట్టు లేదు’ అని రిటర్న్ అడిగితే మీరే ఒప్పుకుని డబ్బు తిరిగిచ్చినప్పుడు అది డిఫెక్ట్ కాదు. అంటే పొరపాటు చేసినందుకు పడే దెబ్బ కంటే దాన్ని గాలికి వదిలేసినందుకు పడే దెబ్బ చాలా పెద్దది. అలాంటి రిటర్నులు మీ తోటి అమ్మకందారుల కంటే మరీ ఎక్కువైతే అదనపు ఫీజు పడుతుంది, అది వేరే సంగతి. మీరే ముందు రాస్తే చాలాసార్లు రిటర్న్ అభ్యర్థన తెరిచే పనే ఉండదు, ఆ లెక్కలోకీ రారు.

రాసే ముందు ఒక పని చేయండి. రెండు మూతలూ తీసి, అపర్చర్ (లోపలికి వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టి ఫొటో తీయండి. సాలెగూడు దారాల్లా పాకినట్టుంటే ఫంగస్, విడివిడి చుక్కలైతే దుమ్ము, పొగలా అంతటా మసకగా ఉంటే హేజ్. మూడూ ఒకటి కావు. దుమ్ము పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఫంగస్ మాత్రం గాజు మీది పూతను (కోటింగ్‌ను) తినేసి ఉండవచ్చు, అప్పుడు శుభ్రం చేయించినా మచ్చ మిగులుతుంది. ‘కొంచెం ఫంగస్’ అనకండి. ఎవరి కొంచెం ఎంతో ఎవరికి తెలుసు? ఏ గాజు మీద, ఏ మూల, ఎన్ని మిల్లీమీటర్లు అనేది రాయండి. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

‘నమస్కారమండీ. మీరు గెలిచిన లెన్స్‌ను ప్యాక్ చేస్తూ టార్చితో చూశాను. ముందు గాజు వెనక, అంచు దగ్గర సుమారు 4 మిల్లీమీటర్ల మేర ఫంగస్ దారాలు ఉన్నాయి. లిస్టింగ్‌లో గాజు శుభ్రంగా ఉందని రాశాను, అది నా తప్పు. రెండు ఫొటోలు జత చేశాను. లెన్స్ ఇంకా నా దగ్గరే ఉంది. మీరు వద్దంటే షిప్పింగ్‌తో సహా మొత్తం తిరిగి ఇస్తాను. ఇలాగే కావాలంటే ధరలో 35 శాతం తిరిగి ఇచ్చి రేపే పంపుతాను. ఎల్లుండి సాయంత్రంలోగా మీ జవాబు రాకపోతే ఆర్డర్ రద్దు చేసి మొత్తం డబ్బు తిరిగి పంపేస్తాను.’

ఇందులో ఏం లేదో కూడా గమనించండి. ‘నాకు లెన్సుల గురించి అంతగా తెలియదు’, ‘ఇది మా బంధువులది’, ‘లైటు సరిగా లేదు’ లాంటివి లేవు. కారణం చెప్పడం మొదలుపెడితే చదివేవారికి అది బేరంలా వినిపిస్తుంది. ‘మీకు ఇబ్బందిగా అనిపిస్తే క్షమించండి’ అంటే తప్పును వాళ్ల మనసు మీదికి నెట్టినట్టే. దారులు రెండే ఇచ్చాం. నాలుగు ఇస్తే వాళ్లు ఆలోచనలో పడతారు, రోజులు గడుస్తాయి, ఈలోగా మీరు పెట్టుకున్న డిస్పాచ్ గడువు దాటిపోతుంది. అందుకే జవాబు రాకపోతే ఏం చేస్తారో కూడా ముందే చెప్పాలి. ఇదంతా సైట్ మెసేజ్‌లలోనే నడవాలి. రేపు తేడా వస్తే ఫోన్లో మాట్లాడుకున్నదానికి సాక్ష్యం ఉండదు.

తగ్గింపు ఎంత అనేది వాళ్లను అడగకండి, అంకె మీరే చెప్పండి. ‘ఎంత ఇమ్మంటారు’ అని అడిగితే మొహమాటస్తులు తక్కువ చెప్పి తర్వాత మనసులో పెట్టుకుంటారు, మిగతావాళ్లు సగం అడుగుతారు. ఆ 35 శాతం ఊహించి పెట్టేది కాదు. అదే లెన్స్, అదే లోపంతో ఎంతకు పోయిందో ‘అమ్ముడైనవి’ ఫిల్టర్ పెట్టి చూడండి, ఈబేలో గత 90 రోజులవి కనిపిస్తాయి. అమ్మకానికి పెట్టినవాటి ధరలు చూడకండి, అవి అమ్మేవారి ఆశలు. శుభ్రమైనదానికీ లోపమున్నదానికీ మధ్య ఎంత తేడా ఉందో, దానికి కాస్త పైనే ఇవ్వండి.

వాళ్లు ‘వద్దండీ, రద్దు చేయండి’ అని రాస్తే రద్దు కారణంగా ‘కొన్నవారు అడిగారు’ పెట్టవచ్చు, అది నిజమే కాబట్టి. వాళ్లు అడగకుండానే ఆ కారణం నొక్కితే మాత్రం అబద్ధం, నిబంధనకూ విరుద్ధం. జవాబు రాక మీరే రద్దు చేసినప్పుడు ‘పాడైంది’ అనే పెట్టి ఒక డిఫెక్ట్ భరించండి. ఆ లెక్కను ఏడాదికి చూస్తారు (మూడు నెలల్లో 400 లావాదేవీలు దాటినవారికి మూడు నెలలకే). ఒక్క డిఫెక్ట్‌తో ఎవరి దుకాణమూ మూతపడదు.

ఇప్పటిదాకా చెప్పింది వేలం ముగిసి, వస్తువు ఇంకా పంపనప్పటి సంగతి. మిగతా దశల్లో దారి వేరు.

వేలం నడుస్తుండగానే తప్పు కనిపిస్తే గడియారం చూడండి. బిడ్ ఒక్కటీ రాక, 12 గంటలకు పైగా సమయం ఉంటే ఈబేలో వివరణ మార్చుకోవచ్చు. బిడ్‌లు వచ్చాక పాత వివరణ చెరపనివ్వరు, కింద అదనంగా చేర్చనిస్తారు. చిన్న సంగతైతే అది చాలు, కానీ ముందే బిడ్ వేసినవాళ్లు మళ్లీ వచ్చి చదవరు. లోపం ధరను మార్చేంతదైతే, 12 గంటలకు పైగా ఉన్నప్పుడే బిడ్‌లు రద్దు చేసి వేలం ఆపేయండి, సరైన ఫొటోలతో కొత్తగా పెట్టండి. 12 గంటలలోపు బిడ్‌లతో ఉన్న వేలాన్ని అలా ఆపడం కుదరదు. అప్పుడు వేలం ముగిశాక, గెలిచినవారు డబ్బు కట్టకముందే పైన చెప్పిన మెసేజ్ పంపండి.

పంపేశాక తెలిస్తే పార్సిల్ వాళ్లకు చేరకముందే రాయండి. పెట్టె తెరిచే ముందు చదివిన లోపం వేరు, తెరిచాక కనిపెట్టిన లోపం వేరు. ఈబేలో వస్తువు చేరిన 30 రోజుల దాకా వాళ్లు రిటర్న్ అడగవచ్చు. అడిగాక మీకు మూడు పనిదినాలు ఉంటాయి, అవి దాటితే ఈబేను పిలుస్తారు. సెలవు మీద వెళ్లి ఈ మూడు రోజులూ పోగొట్టుకునేవారే ఎక్కువ. వాళ్లు రిటర్న్ అభ్యర్థన తెరిచి ఉంటే తగ్గింపును కూడా దాని లోపలే ప్రతిపాదించండి. ఒప్పుకుంటే ఫైలు అక్కడితో మూసుకుంటుంది. విడిగా డబ్బు పంపితే ఫిర్యాదు తెరిచే ఉంటుంది. వస్తువు తిరిగొచ్చాక డబ్బు ఇవ్వడానికి రెండు పనిదినాలే గడువు.

ప్యాకింగ్ చాలక పగిలితే కొన్నవారిని కొరియర్ మీదికి తోలకండి. పెట్టె గోడకూ వస్తువుకూ మధ్య నాలుగు వైపులా కనీసం 5 సెంటీమీటర్ల మెత్త ఉందా, ఊపితే లోపల కదిలిందా, గాజు వస్తువైతే రెండు పెట్టెలు వాడారా? లేదంటే తప్పు మీదే. కొరియర్ బీమా వాళ్లు కూడా ‘ప్యాకింగ్ చాలలేదు’ అనే కారణంతోనే క్లెయిములు తోసిపుచ్చుతారు. పెట్టె, లోపలి మెత్త, లేబుల్, పగిలిన ముక్కలు ఫొటో తీసి పంపమనండి, ఏదీ పారేయవద్దని చెప్పండి. రిఫండ్ మాత్రం ఇప్పుడే ఇవ్వండి. క్లెయిమ్ తేలేదాకా ఆగమంటే మీ తగాదాలో వాళ్లను కూర్చోబెట్టినట్టు.

రెండు పార్సిళ్ల లేబుళ్లు తారుమారైతే ఇద్దరికీ ఒకే రోజు, విడివిడిగా రాయండి. ఒకరి వస్తువు ఇంకొకరికి నేరుగా పంపించుకుంటే రెండే ప్రయాణాలు, డబ్బు ఆదా. కానీ లేబుల్ మీద ఒకరి చిరునామా ఇంకొకరికి తెలుస్తుంది, ఇద్దరూ ముందుగా ఒప్పుకోవాలి. పైగా వారిలో ఒకరు తాత్సారం చేస్తే రెండో వారు ఇరుక్కుంటారు. ఖర్చైనా రెండూ మీ దగ్గరికే తెప్పించి మళ్లీ పంపడం నయం.

ఫోన్ అమ్మి ఖాతా తీసేయడం మరిచిపోతే తిప్పి పంపమనకండి. ఐఫోన్ అయితే ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో ‘ఫైండ్ డివైసెస్’లోకి వెళ్లి ఆ పరికరాన్ని ఖాతా నుంచి తొలగిస్తే లాక్ పోతుంది. వాళ్లు మీ పాస్‌వర్డ్ అడిగినా ఇవ్వకండి, దాని అవసరమే ఉండదు.

అమ్మింది నకిలీ అని తేలితే తగ్గింపు మాటే ఎత్తకండి. మొత్తం తిరిగి ఇవ్వండి, తిరిగొచ్చినా మళ్లీ అమ్మకండి. ఏ ధరకైనా నకిలీ నకిలీయే.

అసలు కష్టమైన తప్పు ఇంకొకటి ఉంది. టైటిల్‌లో మోడల్ పేరు తప్పు రాసి ఎవరికీ సెర్చ్‌లో దొరకక, లేదా రిజర్వ్ ధర (అంతకంటే తక్కువకు అమ్మననే కనీస ధర) పెట్టడం మరిచి, వస్తువు కారుచవకగా పోవడం. అప్పుడు ‘పాడైంది’ అని రద్దు చేసి పది రోజులాగి మళ్లీ పెట్టాలనిపిస్తుంది. గెలిచినవారు ఏ తప్పూ చేయలేదు, మీ తప్పుకు ధర మీరే కట్టాలి. ఆ ధరకే పంపండి. మళ్లీ పెడితే మొదట చూసేది ఆ గెలిచినవారే, ఎందుకంటే ఆ మోడల్‌కు వాళ్ల సెర్చ్ సేవ్ అయి ఉంటుంది. ‘ఉన్నది ఉన్నట్టుగా, రిటర్న్ లేదు’ అని రాసుకున్నా, వివరణ తప్పైతే ఆ మాట మిమ్మల్ని కాపాడదు. అలాగే పనిచేయదని తెలిసి ‘పరీక్షించలేదు’ అని రాయడం మసిబూసి మారేడుకాయ చేయడమే. పాడైనదాన్ని పాడైందని రాస్తే కొనేవారు ఉండరనుకోకండి. 1995లో పియర్ ఒమిడ్యార్ ఈబేను మొదలుపెట్టినప్పుడు (అప్పుడు దాని పేరు ఆక్షన్‌వెబ్) అమ్ముడైన తొలి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు.

అంతా సర్దుకున్నాక ‘మంచి ఫీడ్‌బ్యాక్ ఇస్తే డబ్బు తిరిగి ఇస్తా’ అని మాత్రం అనకండి, అది నిబంధనల ఉల్లంఘన. నెగెటివ్ ముందే పడి ఉంటే, డబ్బు ఇచ్చేశాక మార్చమని సైట్ ద్వారా ఒక అభ్యర్థన పంపవచ్చు. మార్చకపోతే కింద పొట్టిగా జవాబు రాయండి: ‘లోపలి ఫంగస్ లిస్టింగ్‌లో చెప్పలేదు. మొత్తం డబ్బు తిరిగి ఇచ్చాం.’ దాన్ని చదివేది ఆ కొన్నవారు కాదు, మీ తర్వాతి వేలంలో బిడ్ వేయాలా వద్దా అని చూస్తున్నవాళ్లు.

ఇలాంటి తప్పులు ఎక్కువగా పుట్టేది పాత లిస్టింగ్‌ను కాపీ చేసి కొత్తది పెట్టినప్పుడు. వెనకటి వస్తువు గురించి రాసిన ‘గాజు శుభ్రం, మూతలతో సహా’ అలాగే ఉండిపోతుంది. వివరణ పెట్టెను ఖాళీ చేసి, వస్తువు చేతిలో పట్టుకుని మొదటి నుంచి రాయండి. ప్యాక్ చేసేటప్పుడు బల్ల మీద ఒక్క పెట్టే తెరిచి ఉంచండి, లేబుల్ టేపు వేసిన వెంటనే అతికించండి. లిస్టింగ్ పెట్టిన రోజే విడిభాగాలన్నిటితో తూకం వేసి రాసుకుని, ప్యాకింగ్ రోజు పెట్టెలో పెట్టే ముందు మళ్లీ తూచండి. తూకం తగ్గితే వెనక మూతో, లెన్స్ ముందు తగిలించే హుడ్డో బల్ల మీదే ఉండిపోయినట్టు.