సారు పేరులో పోయిన ఒత్తు

ప్రశ్న: నా వయసు 48. పాతికేళ్లుగా ఒక పత్రిక డెస్కులో పనిచేస్తున్నాను. ఉస్మానియాలో నాకు జర్నలిజం చెప్పిన ప్రొఫెసరుగారు మూడు నెలల క్రితం కాలం చేశారు. పాత విద్యార్థులందరూ కలిసి సంస్మరణ సంచిక వేస్తున్నారు. సారుకు ఇష్టమైన శిష్యురాలినని మొదటి వ్యాసం నన్ను రాయమన్నారు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ ఆపేశాను. రోజూ ఎందరి రాతలో దిద్దే నాకు ఆయన గురించి పన్నెండు వందల మాటలు రావడం లేదు. ఎలా మొదలుపెట్టాలి? ఇది డిప్రెషనా? డాక్టరును కలవాలా? నా బాధ ఇంట్లో ఎవరికీ అర్థం కావడం లేదు. అమ్మ పోయాక రెండేళ్లుగా మా నాన్నగారు మా దగ్గరే ఉంటున్నారు. అంత్యక్రియల మర్నాడు పేపరు చూసి ఆయన అన్న మాట, ‘మీ సారు పేరులో ఒత్తు పోయిందమ్మా’ అని. మనిషి పోయినప్పుడు చూడవలసింది అచ్చుతప్పా? అప్పటినుంచి ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేకపోతున్నాను.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పదకొండు పేజీలు. పైన వేసింది అందులో పదో వంతు కూడా ఉండదు. డెస్కులో ఉన్నవారు కాబట్టి కత్తిరింపుకు నొచ్చుకోరనుకుంటాను.

ముందు మీరు అడిగినవి తేల్చేస్తాను. వేళకు తింటున్నానని, నిద్ర పడుతోందని, ఆఫీసుకు ఒక్కరోజు కూడా మానలేదని మీరే రాశారు. అభిమానించిన గురువు పోతే మూడు నెలలు దిగులుగా ఉండటం జబ్బు కాదు. వారాల తరబడి నిద్ర కరవైతే, తిండి సయించకపోతే అప్పుడు మొహమాటపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇక వ్యాసం ఎలా మొదలుపెట్టాలన్నది నన్ను అడగవలసిన ప్రశ్న కాదు, పాతికేళ్లుగా మీరు చేస్తున్న పనే అది. ఒక్క మాట మాత్రం చెబుతాను: ‘తీరని లోటు’ అని రాయకండి. ఎవరైనా ఆ మాట రాస్తే సారు కొట్టేసి, పక్కన ‘ఎంత లోటు? కొలిచారా?’ అని రాసేవారని మీ మూడో పేజీలో ఉంది. అది చదివి నాకు నవ్వొచ్చింది. ఆయన మీద గౌరవమూ కలిగింది.

అన్నట్టు, వీలు చూసుకుని సారుగారి భార్యను పలకరించి రండి. పెద్దకర్మ తరువాత వెళ్లలేదని రాశారు. సంచికలో మీ వ్యాసం కోసం ఆవిడ ఎదురుచూడటం లేదు. మీ కోసం చూస్తుంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ వ్యాసం ఆగిపోయింది సారు దగ్గర కాదు, నాన్నగారి దగ్గర.

ఆరో పేజీలో మీరు ఒక విషయం బ్రాకెట్లలో పెట్టారు. ‘ఇది పెద్ద విషయం కాదు గానీ’ అని మొదలుపెట్టారు. ఇన్నేళ్లుగా ఉత్తరాలు చదువుతున్న అనుభవంతో చెబుతున్నాను, ఈ మాటతో మొదలైన చోటే నేను కళ్లద్దాలు సరిచేసుకుంటాను. సారు పత్రికల చరిత్ర చెబుతున్న రోజది. 1746లో ఎక్కడో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయని, రాసిన మతప్రచారకుడు షుల్జ్ పేరు చరిత్రలో ఉంది గానీ అక్షరాలు పోసినవారినీ కూర్చినవారినీ ఎవరు తలుచుకుంటున్నారని ఆయన బాధపడ్డారు. చేతి కంపోజింగ్, అంటే సీసం అక్షరాలు ఏరి పేర్చే పని, మీలో ఎవరైనా చూశారా అని అడిగారు. మీరు అనాలోచితంగా చెయ్యెత్తి, మా నాన్నగారు విజయవాడలో కంపోజిటరుగా చేశారని చెప్పేశారు. సారు సంతోషానికి అంతు లేదు. ‘ఈసారి ఊరు వెళ్లినప్పుడు నాన్నగారిని తీసుకురా అమ్మా, ఆ రోజు క్లాసు ఆయన చెబుతారు, నేను మీ పక్కన బెంచీ మీద కూర్చుంటాను’ అన్నారు.

మీరు సంక్రాంతికి ఊరు వెళ్లారు. నాన్నగారితో ఆ మాటే ఎత్తలేదు. తిరిగొచ్చి, ఆయన ఆరోగ్యం బాగాలేదని సారుకు చెప్పారు.

ఆ తరువాత ఆయన మీకు ఎప్పుడు కనిపించినా మొదట అడిగింది నాన్నగారి ఆరోగ్యం గురించేనట. మీ పెళ్లిలో అడిగారు. ఉద్యోగం మారినప్పుడు అడిగారు. ఆఖరిసారి ఆస్పత్రి మంచం మీద, మాట సరిగా రాని స్థితిలోనూ అడిగారు. లేని జబ్బు గురించి ఒక మంచి మనిషి పాతికేళ్లు వాకబు చేస్తూ వెళ్లిపోయాడు. ఇది పెద్ద విషయం కాదా అమ్మా?

ఇరవయ్యొక్కేళ్ల వయసులో మీరు అలా ఎందుకు చేశారో నాకు తెలుసు. పక్క బెంచీల్లో ఆఫీసర్ల పిల్లలు, లెక్చరర్ల పిల్లలు. సీసం నలుపు గోళ్లలో ఇంకిపోయిన తండ్రిని వాళ్ల ముందు నిలబెట్టడానికి బెరుకు. ఆ పిల్లను నేను తప్పుపట్టను. నలభై ఎనిమిదేళ్ల మనిషినే పడతాను. ఎందుకంటే మీరు జతచేసిన మూడో చిత్తుప్రతిలో ఇలా ఉంది: ‘అక్షరం విలువ తెలియని ఇంట్లో పుట్టిన నాకు సారే అక్షరభిక్ష పెట్టారు.’

ఆ వాక్యం కొట్టేయండి. అబద్ధం కాబట్టి కొట్టేయండి.

మీ నాన్నగారు 1963లో, పద్నాలుగో ఏట విజయవాడ గవర్నరుపేటలోని ఒక ప్రెస్సులో చేరారని మీరే రాశారు. అంతకు మూడేళ్ల ముందే, 1960లో, నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా ఆంధ్రజ్యోతి ఆ ఊళ్లోనే మొదలైంది. నార్ల సంపాదకీయాలు సారు మీచేత బిగ్గరగా చదివించేవారట. బాగుంది. ఆ రోజుల్లో ఏ సంపాదకీయమైనా దానంతట అదే కాగితం మీదికి ఎక్కలేదు కదా! కేసుల (అక్షరాల గళ్ల పెట్టెల) ముందు నిలబడి ఎవరో ఒక్కొక్క అక్షరమే ఏరి పేర్చారు. ఇంగ్లీషుకైతే రెండు కేసులతో పని గడిచిపోతుంది. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి గళ్లు వందల్లో ఉంటాయి. ఎడమ చేతిలో స్టిక్కు (అక్షరాలు పేర్చే చిన్న పట్టీ), కళ్లు రాతప్రతి మీద, కుడి చెయ్యి తనంతట తాను గడి వెతుక్కోవాలి. సీసం అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది, దాన్ని అలాగే చదవాలి. అచ్చయిన తరువాత ఫారం (అక్షరాలు బిగించిన చట్రం) విప్పి ప్రతి అక్షరాన్నీ తిరిగి దాని గడికి చేర్చాలి. ఒక ఒత్తు పొరపాటున పక్క గడిలో పడిందా, రేపటి పుస్తకంలో తప్పు పడుతుంది. దాదాపు ముప్పై ఏళ్లు ఆ మనిషి చేసిన పని, ఏ ఒత్తూ దారి తప్పకుండా చూడటం. అది అక్షరం విలువ తెలియని ఇల్లా?

డీటీపీ (కంప్యూటరు మీద అక్షరాలు కూర్చడం) వచ్చి కేసులు పాత ఇనుము వాడికి తూకానికి పోయాక, ఆయన గైడ్ల గోడౌనులో కట్టలు కట్టారు. మీ ఎం.సి.జె. (జర్నలిజం పీజీ) ఫీజూ హాస్టలు మెస్సు బిల్లూ ఆ కట్టల కూలిలోంచే వచ్చాయి. ఇదీ మీరు రాసిందే, అరవాక్యంలో.

నా సంగతి ఒకటి చెప్పనివ్వండి. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక వ్యాసంలో ఊర్మిళను భరతుడి భార్యను చేసేశాను. సంపాదకులు చూసుకోలేదు. ప్రూఫుతో పాటు ఒక చీటీ వచ్చింది: ‘అమ్మా, ఊర్మిళ లక్ష్మణస్వామి భార్య. భరతుడి భార్య మాండవి. మార్చమంటారా?’ కంపోజిటరుగారు పంపారు. మార్చమన్నాను. పరువు దక్కింది. ఆయన పేరేమిటో మాత్రం ఆ రోజు అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ ప్రెస్సూ లేదు, ఆయనా ఉండి ఉండరు. మీ ఉత్తరం నన్ను ఎక్కడ గుచ్చిందో మీకిప్పుడు తెలిసి ఉంటుంది.

ఇక ఒత్తు సంగతి. సారు మొదటి క్లాసులోనే ఏం చెప్పేవారని రాశారు? మనిషి పేరు తప్పు రాసినవాడు ఆ తరువాత ఎంత ఒప్పు రాసినా దండగ అని. చావు వార్త రాసేటప్పుడు ఆ ఇంటికి ఫోను చేసి పేరు అక్షరం అక్షరం అడగడానికి సిగ్గుపడవద్దని. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగకుండా 354 మంది కవులను పేరుపేరునా కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారని, అవమానానికి జవాబుగా పేర్లు నిలబెట్టడం అంటే అదని ఆయన చెప్పేవారు. అలాంటి మనిషి పోయిన వార్తలో ఆయన పేరే తప్పు పడింది. అదీ మీ పత్రికలో, మీరు సెలవులో ఉన్న రోజున. హైదరాబాద్ అంతటిలో ఎందరు గమనించారో తెలియదు. మీ ఇంట్లో ఒక్కరు గమనించారు. సారు బతికి ఉండి ఆ పేజీ చూస్తే అనే మొదటి మాటే మీ నాన్నగారు అన్నారు.

మీకు కోపం వచ్చింది ఆయన దుఃఖపడనందుకు కాదేమో, ఆలోచించండి. ఆ ఒత్తును మీరు చూడకముందే ఆయన చూసినందుకు కావచ్చు.

నాన్నగారిని నేను మునగచెట్టు ఎక్కిస్తున్నానని అనుకోవద్దు. ఇన్నేళ్లలో ‘బాగా రాశావమ్మా’ అని ఒక్కసారి అనలేదని బాధపడ్డారు. అది ఆయన లోపమే. ఆ తరం తండ్రులు చాలామంది మెప్పుదల దగ్గర పరమ పిసినారులు. పిల్లలకు దిష్టి తగులుతుందని కొందరు, అలవాటు లేక కొందరు. కానీ తొమ్మిదో పేజీలో మీరు రాసిన ఎర్ర పెన్సిలు మాటేమిటి? మీ దగ్గరికి వచ్చిన నాటినుంచి రోజూ పొద్దున్నే మీ పత్రిక మొత్తం చదివి, తప్పుల కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, మీరు కాఫీ తాగే చోట పెట్టేవారు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా, వర్గీకృత ప్రకటనలతో సహా. ఒత్తు మాట అన్న రోజున మీరు ‘ఇక చాలు నాన్నా’ అన్నారు. మర్నాటినుంచి పేపరు మడత విప్పకుండా బల్ల మీదే ఉంటోంది. ఈ వాక్యం రాసి మీరు తరువాతి పేరాలోకి వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను.

పితృదేవోభవ అన్న తరువాతే ఆచార్యదేవోభవ అన్నారు కదా అని వరుస పట్టుకుని వాదించే చాదస్తం నాకు లేదు. పొరుగింటి పుల్లకూర సామెతా ఎత్తను, మీ సారు పుల్లకూర కాదు. ఆయన మీద ప్రేమ రవ్వంత కూడా తగ్గించుకోనక్కరలేదు. ఆయన్ను పైకి ఎత్తడానికి ఇంట్లో మనిషిని కింద పీటగా వేయవద్దంటున్నాను, అంతే. సారు కూడా ఒప్పుకునేవారు కాదు. ఆయన బెంచీ మీద కూర్చుంటానన్నారు, గుర్తుంది కదా!

కాళ్ల మీద పడి ఏడవడాలవీ వద్దు. ఆయన కంగారు పడతారు. ఒక మధ్యాహ్నం భోజనం అయ్యాక పక్కన కూర్చుని, సారు క్లాసుకు పిలిచిన సంగతి, మీరు చెప్పకుండా దాచిన సంగతి, జబ్బు అబద్ధం, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. సమర్థించుకోవద్దు. ఆయన ఏమీ అనకుండా లేచి వెళ్లిపోవచ్చు, రెండు రోజులు ముభావంగా ఉండవచ్చు. ఆ హక్కు ఆయనకుంది. మీ దంపతుల మధ్య గొడవలేమీ లేవన్నారు, అయినా మీ వారిని రాయబారం పంపే పని మాత్రం పెట్టుకోకండి. ముఖాముఖి చెప్పలేక వ్యాసంలో రాసేసి, ఆయన అచ్చులో చూసి తెలుసుకునే పరిస్థితి అసలే తేవద్దు. ముందు ఆయన వినాలి. ఇది రాయనా అని అప్పుడు అడగండి. సరేనంటే మీ వ్యాసం అదే. నాలుగు ప్రతులూ ఎందుకు ఆగిపోయాయో అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు. వద్దంటే సంచికకు మామూలు వ్యాసం ఒకటి ఇవ్వండి, ఏమీ మునిగిపోదు.

ఏది రాసినా ప్రూఫులు ఇంటికి తెప్పించుకోండి. మీ వ్యాసం ఒక్కటే కాదు, సంచిక మొత్తం. ఎర్ర పెన్సిలు చెక్కి పక్కన పెట్టి, సారు పేరు వచ్చిన ప్రతి చోటా చూసిపెట్టమని నాన్నగారిని అడగండి. పెద్దాయనకు కాలక్షేపం చూపిస్తున్నట్టు కాదు, పని తెలిసినవారికి పని అప్పగిస్తున్నట్టు అడగండి. తేడా ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది.

ఒకటి మరిచాను. నాకూ పాత అలవాటే కాబట్టి లెక్కపెట్టాను. మీ పదకొండు పేజీల్లో సారు పేరు నలభై ఒక్కసార్లు ఉంది, ఒక్కచోట కూడా ఒత్తు పోలేదు. మీ నాన్నగారి పేరు ఒక్కసారీ లేదు. వ్యాసంలో ఆయన ప్రస్తావన వస్తే ఇంటిపేరుతో సహా ఎలా రాయాలో ఆయన్నే అడిగి రాసుకోండి.