గోధుమ క్రోమోజోములు 42నా, 21నా, 7నా? – సమాధానం

గోధుమ క్రోమోజోములు (కణంలో జన్యువులుండే పోగులు) ఒక పుస్తకంలో 42, ఇంకోదాంట్లో 21, మరోచోట 7 అని ఉంది, ఏది రాయాలి అని అడిగారు కదా. మూడూ కరెక్టేనండీ, కాకపోతే మూడూ వేర్వేరు లెక్కలు.

రొట్టె గోధుమ వేరు కొనలో కణాన్ని చూస్తే 42 కనిపిస్తాయి. ఇది 2ఎన్, అంటే దేహకణంలోని మొత్తం సంఖ్య. పుప్పొడిలో అందులో సగం, అంటే 21. ఇది ఎన్, అంటే బీజకణంలోని సంఖ్య. చిక్కంతా 7 దగ్గరే. ఈ గోధుమ మూడు గడ్డిజాతుల కలయికతో పుట్టింది. ఒక్కో పూర్వీకుడి నుంచి 7 జతలు, అంటే ఏడేసి క్రోమోజోముల సెట్లు రెండు వచ్చాయి. ఆ ఒక్క మూల సెట్టులోని సంఖ్యే ఎక్స్, అంటే 7. ముగ్గురివీ కలిపి ఆరు సెట్లు, ఆరు ఏడులు నలభై రెండు. అందుకే దీన్ని హెక్సాప్లాయిడ్ (ఆరు సెట్లున్నది) అంటారు.

వరిలో ఈ గొడవ లేదు: 2ఎన్ 24, ఎన్ 12, ఎక్స్ కూడా 12. చాలామంది ఎన్, ఎక్స్ ఒకటే అనుకోవడానికి ఇలాంటి డిప్లాయిడ్లే (రెండే సెట్లున్నవి) కారణమని నా అనుమానం.

పరీక్షలో 'దేహకణంలో ఎన్ని' అంటే 42 రాయండి. అంకురచ్ఛదం (ఎండోస్పెర్మ్, గింజలో పిండి ఉండే భాగం) అడిగితే మాత్రం జాగ్రత్త, అక్కడ 3ఎన్ కాబట్టి 63.