దేశంలో ఉండం కదా అని హెల్త్ పాలసీ ఆపేస్తారా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. శ్రీకాకుళంలో స్థిరపడ్డాం. నాకు 66 ఏళ్లు, ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. నా భార్యకు 63, స్టాఫ్ నర్సుగా చేసింది. ఇద్దరి పింఛను కలిపి నెలకు 78 వేలు, ఖర్చు 42 వేలు. మా సంఘం తరఫున ఆగస్టులో కెన్యా వెళ్తున్నాం. కిసుము దగ్గర ఒక మిషన్ స్కూల్లో, దాని పక్కనున్న చిన్న వైద్యశాలలో రెండేళ్లు సేవ చేయాలి. వసతి, భోజనం వాళ్లవి. ప్రయాణం, మిగతా ఖర్చులు మావి. స్కూల్లో బోరు వేయిస్తామని మాటిచ్చాం. అన్నీ కలిపి 6 లక్షలు కావాలి. సీనియర్ సిటిజన్ స్కీములో నిరుడు వేసిన 15 లక్షలు, ఎఫ్‌డీ 3 లక్షలు, 20 తులాల బంగారం ఉన్నాయి. బంగారం మీద అప్పు మేలా, పింఛను మీద పర్సనల్ లోన్ మేలా? రెండేళ్లు ఇక్కడ ఉండం కాబట్టి 5 లక్షల హెల్త్ పాలసీ ఆపేసి, ఆ 41 వేల ప్రీమియం కూడా ఇందులో కలుపుదామనుకుంటున్నాం. పాలసీకి ఏడేళ్లు నిండాయి. నాకు షుగర్ ఉంది, నాలుగేళ్ల కిందట స్టెంటు వేశారు.

జవాబు: మాస్టారూ, అమ్మగారూ, ఈ వయసులో మీరు పెట్టుకున్న పని మంచిది. దాన్ని ఆపమని నేను చెప్పను. మీరు అడిగింది అప్పు గురించి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మాత్రం పాలసీ ఆపేస్తామన్న చివరి మాట. మీ ప్రశ్నను ఎంచుకున్నదీ అందుకే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు కూడా మన జిల్లాల్లో చాలామంది ఇదే పని చేస్తున్నారు.

బొబ్బిలి నుంచి ఒక దంపతులు నా దగ్గరికి వచ్చారు. ఆయన రెక్సిన్ ఫైలు తెరిచి బల్ల మీద పెట్టారు. తొమ్మిదేళ్ల ప్రీమియం రసీదులు ఏడాది వారీగా, పిన్ను కొట్టి ఉన్నాయి. పదో రసీదు లేదు. ఏదని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఏడాది అబ్బాయి దగ్గర ఉన్నారట, ఎందుకు దండగ అని కట్టలేదట. తిరిగొచ్చిన నాలుగో నెలలో ఆయనకు బైపాస్ అయింది. బిల్లు 6 లక్షల 40 వేలు. ఊరి చివర కొనుక్కున్న స్థలం అమ్మి కట్టారు.

వార్షిక పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉంటుంది. అదీ దాటితే ఈ పాలసీలో ఏడేళ్లుగా మీరు సంపాదించుకున్న హక్కులన్నీ పోతాయి. మళ్లీ కొత్తగా తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ పెట్టొచ్చు. అదీ ఇస్తేనే. 68 ఏళ్ల వయసు, షుగర్, స్టెంటు చూసి కంపెనీ ఇవ్వనంటే మీరు చేయగలిగేది ఏమీ ఉండదు. అరవై నెలలు ఆపకుండా కట్టిన పాలసీలో, మోసం చేశారని రుజువైతే తప్ప, ఫలానాది చెప్పలేదని క్లెయిమ్ తోసిపుచ్చడానికి వీల్లేదు. ఆ రక్షణ ఇప్పుడు మీ చేతిలో ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. రెండేళ్లకు 82 వేలు దండగ అనుకోకండి, కట్టండి. ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు ఇచ్చే ఈహెచ్‌ఎస్ వైద్య కార్డు ఎలాగూ ఉందంటారేమో. అది ప్యాకేజీ మేరకే ఇస్తుంది, కెన్యాలో అసలే పనికిరాదు.

మీ పాలసీ కూడా కెన్యాలో పనికిరాదు. అంటే అక్కడికి వేరే కవర్ కావాలి. ఏజెంటు అంటగట్టే ట్రావెల్ పాలసీతో సరిపెట్టుకోకండి. అది టూరిస్టులకు, సాధారణంగా ఆరు నెలల లోపు ప్రయాణాలకు. పాత జబ్బు తిరగబెడితే ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తుంది. మిషన్ వాళ్లను కాగితం మీద అడగండి: మాకు మెడికల్ కవర్ ఉందా, ఎంత, షుగరూ స్టెంటూ అందులోకి వస్తాయా, వయసు పరిమితి ఎంత, నైరోబీకి విమానంలో తరలించాల్సివస్తే ఎవరు కడతారు? ఫోన్లో ‘దేవుడు చూసుకుంటాడు, రండి’ అనే మాట ప్రేమతో అన్నదే, కాదనను. ఆసుపత్రి క్యాష్ కౌంటర్లో మాత్రం కాగితమే అడుగుతారు.

అక్కడి ఉగాలీ అంటే మొక్కజొన్న సంకటే. మటాటు అనే మినీ బస్సు ఎక్కడం, ఫోన్లో ఎం-పెసాతో డబ్బు కట్టడం వారంలో అలవాటైపోతాయి. రాత్రి రెండు గంటలకు మాస్టారికి ఛాతీలో నొప్పి వస్తే ఏంటన్నది ఆలోచించండి. ఇక్కడైతే 110 కిలోమీటర్లలో విశాఖ. కిసుము నుంచి నైరోబీ రోడ్డు మీద సుమారు 350. అక్కడ అమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ అని 1957 నుంచి పనిచేస్తున్న సంస్థ ఉంది, వాయు అంబులెన్సులు నడుపుతుంది. మిషన్‌కు అందులో సభ్యత్వం ఉందో లేదో తెలుసుకోండి.

ఇక అప్పు. రెండూ వద్దు. బంగారం మీద 6 లక్షలు తెస్తే, పది శాతం వేసుకున్నా ఏడాదికి 60 వేలు వడ్డీ. చివర్లో ఒకేసారి కట్టే రకమైతే గడువు పన్నెండు నెలలే. అప్పటికి మీరు కిసుములో ఉంటారు. వేలం నోటీసు శ్రీకాకుళంలో తాళం వేసిన మీ గుమ్మంలో పడుతుంది. అమ్మగారి నగలతో ఈ ఆట ఎందుకండీ? పర్సనల్ లోన్ ఇంకా ఘోరం. రెండేళ్లూ ఈఎంఐ పింఛనులోంచి కోసుకుంటే పరాయి దేశంలో మీ చేతిలో ఏం మిగులుతుంది? సీనియర్ సిటిజన్ స్కీము కూడా కదపొద్దు. ఏడాది దాటాక, రెండేళ్లు నిండకుండా మూస్తే ఒకటిన్నర శాతం, అంటే 22,500 పోతుంది, మూడు నెలలకోసారి వచ్చే 30,750 ఆగిపోతుంది.

కెన్యాలో కొత్త విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. ఆగస్టులో మధ్యలో దిగే బదులు జనవరికి వెళ్లండి. నెలకు 36 వేలు మిగులుతోంది. జూన్ నుంచి డిసెంబరు దాకా రెండున్నర లక్షలు. స్కీము వడ్డీ రెండు విడతలు కలిపితే 3 లక్షలు దాటుతుంది. టికెట్లు, అనుమతి పత్రాలు, అక్కడి మెడికల్ కవర్ అందులోంచి చూసుకోండి. బోరు మాట నిలబెట్టుకోండి, కానీ అప్పు చేసి కానుక ఇవ్వకండి. అక్కడ ఇల్లు, భోజనం ఖర్చు లేదు కాబట్టి, ఆర్నెల్లు పింఛను మిగిల్చి వేయించండి.

ఆ 3 లక్షల ఎఫ్‌డీ అత్యవసర నిధి. రెండు వన్‌వే టికెట్లు, ఆసుపత్రి అడ్వాన్సు దానిలోంచే రావాలి. వేరే దేనికీ ముట్టకండి. మీ పిల్లల్లో నమ్మకమైనవారు ఒక్క ఫోనుతో అది తీసి పంపగలిగేలా బ్యాంకులో ఇప్పుడే కాగితాలు చేయించండి. విదేశంలో ఉంటే ఖాతా స్థితి మార్చాలేమో కూడా అప్పుడే అడగండి. ఓటీపీలు వచ్చే సిమ్ రీచార్జి ఆపొద్దు. పింఛను లైఫ్ సర్టిఫికెట్ జనవరి మొదటి రోజుల్లో ఇక్కడే ఇచ్చేసి బయల్దేరండి.

కెన్యా నుంచి తిరిగి రావాలంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు. అరవై దాటినవాళ్లకు ఆ టీకాతో రిస్కు కాస్త ఎక్కువ, ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కాబట్టి ఇద్దరూ క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోండి. ఆ రిపోర్టు చూశాకే మెడికల్ కవర్ దరఖాస్తు నింపండి, ఉన్నది ఉన్నట్టు రాయండి.

మిషన్ నుంచి జవాబు కాగితం మీద వచ్చాక నకలు నాకు పంపండి, షరతులు చదివి చెబుతాను. ఈలోగా రెన్యువల్ తేదీ దాటనివ్వకండి, నగలు లాకర్లోనే ఉండనివ్వండి.