విమానం నడిపే లాయరు కావాలంటే

ప్రశ్న: అన్నయ్య గారూ, నేను విశాఖపట్నంలో ఐదేళ్ల లా కోర్సు చదివి, రెండేళ్లు అక్కడి కోర్టుల్లో ప్రాక్టీసు చేశాను. పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. విమాన ప్రమాదాల కేసులు వాదించే లాయర్లలో కొందరు పైలట్లు కూడానని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత ఈ ఆలోచన నన్ను వదలడం లేదు. నా పరిస్థితిలో ఇది సాధ్యమేనా? ముందు విమానం నేర్చుకోవాలా, లా చదవాలా?

జవాబు: సాధ్యమే అమ్మా. ఇరవై రెండేళ్లుగా నేను ఇక్కడ చేస్తున్న పని ఇదే. ముందు లా సంగతి తేల్చుకోండి. విమానం శని, ఆదివారాల్లో కూడా నేర్చుకోవచ్చు. బార్ లైసెన్సు చేతికి రానిదే ఎన్ని గంటలు ఎగిరినా కోర్టులో నోరు విప్పలేరు.

మీ చదువు ఇక్కడ వృథా కాదు. ఇంగ్లండు తరహా న్యాయవ్యవస్థ ఉన్న దేశాల్లో లా చదివినవారిని న్యూయార్క్ రాష్ట్రం కొన్ని షరతుల మీద బార్ పరీక్షకు అనుమతిస్తుంది. ఆ అర్హతను అక్కడి పరీక్షల బోర్డే మీ పత్రాలు చూసి తేలుస్తుంది. మార్కుల పత్రాలు మీ యూనివర్సిటీ నుంచి నేరుగా బోర్డుకు చేరాలి. విశాఖలో మీ వాళ్లెవరైనా దాని కోసం ఆఫీసు చుట్టూ తిరగక తప్పదు, అందుకని ఆలస్యం చేయకండి. ఆ తర్వాత ఏడాది ఎల్.ఎల్.ఎం. చేయాలా, ఇక్కడి లాయర్లు చదివే మూడేళ్ల లా డిగ్రీ జె.డి. చేయాలా అన్న ప్రశ్న వస్తుంది. ఇంటి పరిస్థితి తట్టుకోగలిగితే జె.డి.యే చేయమంటాను. జ్యూరీ ముందు నిలబడి వాదించే ఉద్యోగాలకు ఇక్కడి సంస్థలు ఎక్కువగా జె.డి. చదివినవారినే చూస్తాయి. హెచ్-4 మీద చదువుకోవచ్చు కానీ జీతం తీసుకోకూడదు. మీ వారి ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు, ఆమోదం పొంది ఉంటే మీరు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. లేకపోతే వేసవిలో జీతంతో ఇంటర్న్‌షిప్ చేయడానికి విద్యార్థి వీసా ఎఫ్-1కు మారడం మేలా అని ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. న్యాయవాది ఉద్యోగానికి హెచ్-1బి కూడా దొరుకుతుంది.

ఇక విమానం. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, సాధారణంగా కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. ఆచరణలో చాలామందికి 60 గంటలు దాటుతుంది. అమెరికా పౌరులు కానివారు శిక్షణ మొదలు కాకముందే ఇక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ చేసే భద్రతా తనిఖీ పూర్తి చేసుకోవాలి, గ్రీన్ కార్డు ఉన్నవారికీ ఈ నిబంధన ఉంది. ఎలా ఉంటుందో రుచి చూపించడానికి స్కూళ్లు ఒకసారి తిప్పే డిస్కవరీ ఫ్లైటుకు మాత్రం ఆ తనిఖీ అక్కర్లేదు. మెడికల్ పరీక్ష ఫారంలో గత అనారోగ్యాలు, వాడిన మందులు ఏవీ దాచకండి. మనవాళ్లు మానసిక ఆరోగ్యం విషయంలో మొహమాటపడి, డాక్టరును చూసిన సంగతి రాయకుండా వదిలేస్తుంటారు. ఆ ఫారంలో అబద్ధం రాయడం ఫెడరల్ నేరం. రేపు మీకు బార్ లైసెన్సు ఇచ్చే ముందు మీ నడవడికను పరిశీలించేవారు కూడా అలాంటిదాన్నే పట్టుకుంటారు.

ఇంత కష్టపడి విమానం ఎందుకు నేర్చుకోవాలి? సాక్ష్యం చెప్పడానికి నిపుణులను ఎలాగూ పెట్టుకుంటాం. పైగా తన కేసులో లాయరే సాక్షిగా నిలబడటానికి నియమాలు సాధారణంగా ఒప్పుకోవు. నాకు దొరికిన సమాధానం సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో దొరికింది.

స్టాల్ పాఠం అది. విమానం వేగం తగ్గుతూ, ముక్కు పైకి లేస్తూ ఉంటే ఎడమ రెక్క అంచు నుంచి శ్రుతి తప్పిన సన్నాయిలా ఒక కూత మొదలవుతుంది. రెక్క మీద గాలి విడిపోతోందని, ఇక రెక్క బరువు మోయలేదని దాని హెచ్చరిక. నేల కిందికి జారుతున్నట్టు అనిపించగానే చేతులు వాటంతట అవే యోక్‌ను, అంటే విమానం ముక్కును ఎత్తి దించే చేతిపట్టును, గుండెల మీదికి లాక్కుంటాయి. చేయవలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం: ముక్కు కిందికి దించాలి, గాలిని మళ్లీ రెక్క మీదికి రానివ్వాలి. మా శిక్షకురాలు నా మణికట్టు మీద రెండు వేళ్లు వేసి ముందుకు నొక్కారు. ఆ రోజు నా చేతులు చేసిన పని నాకింకా గుర్తుంది.

2009 ఫిబ్రవరి 12 రాత్రి నెవార్క్ నుంచి బఫెలో వెళుతున్న కోల్గన్ 3407 విమానంలో కెప్టెన్ చేతులు చేసిందీ అదే. వేగం పడిపోయి కంట్రోల్ కాలమ్ వణుకుతూ హెచ్చరిస్తే ఆయన వెనక్కి లాగారు. విమానంలోని 49 మంది, కింద ఇంట్లో ఉన్న ఒకరు చనిపోయారు. హెచ్చరికకు కెప్టెన్ స్పందించిన తీరు సరికాదని జాతీయ రవాణా భద్రతా బోర్డు, అంటే ఎన్‌టీఎస్‌బీ, తేల్చింది. అది నిజమే. కానీ ‘పైలట్ తప్పు’ అన్న రెండు మాటల దగ్గర ఫైలు మూసేస్తే మిగతావన్నీ కనపడకుండా పోతాయి. ఆయనకు ఎలాంటి శిక్షణ ఇచ్చారు? ముందు రాత్రి ఎక్కడ పడుకున్నారు? రాత్రంతా ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చిన కో-పైలట్‌కు ఎంత విశ్రాంతి దొరికింది? బాధిత కుటుంబాలు ఈ ప్రశ్నలు పట్టుకుని వాషింగ్టన్ చుట్టూ తిరిగాయి కాబట్టే 2010లో చట్టం మారింది. ఎయిర్‌లైన్ కో-పైలట్లకు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలన్న నియమం అలా వచ్చింది. ఈ వృత్తి మీద నాకున్న గౌరవమంతా ఆ కుటుంబాల వల్లనే.

చిన్న కేసుల్లో కూడా ఇంతే. ఇంధనంలో నీరు చేరిందా లేదా అన్న కేసు ఒకటి నా దగ్గరికి వచ్చింది. బయలుదేరేముందు ఇంధనం పరీక్షించామని సాక్షి చెప్పాడు. ఎన్ని చోట్ల తీసి చూశారని అడిగాను. మూడు చోట్ల అన్నాడు. ఆ 172ఎస్ మోడల్లో తీసి చూడవలసిన చోట్లు 13. ఆదివారం ఉదయాల్లో రెక్క కింద వంగి, గ్లాసులోకి నీలం పెట్రోలు పట్టి, అడుగున నీటి బొట్టు ఉందేమోనని వెలుతురులో చూసే అలవాటు లేకపోతే ఆ ప్రశ్న నాకు తట్టేది కాదు.

కాగితాల సంగతి కూడా వినండి. ఎన్‌టీఎస్‌బీ తేల్చిన కారణాన్ని నష్టపరిహారం దావాలో సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు. పరిశోధకులు సేకరించిన వాస్తవాలు పనికొస్తాయి, కారణాన్ని మాత్రం మీరే రుజువు చేయాలి. దర్యాప్తు బృందంలో బాధితుల తరఫు లాయర్లకు చోటు ఉండదు. ఇక్కడ ప్రమాదం జరిగితే 45 రోజుల దాకా లాయరు గానీ ఆయన మనుషులు గానీ పిలవకుండా కుటుంబాలను సంప్రదించకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘మా వాడు చూసుకుంటాడు’ అని నంబర్లు పంపేవారుంటారు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆ వారంలో కావలసింది లాయరు కాదు. ఆమెంతట ఆమె ఫోను చేస్తే మాట్లాడండి, అంతవరకు ఆగండి.

అహ్మదాబాద్ గురించి రాశారు కాబట్టి ఇదీ చెప్పాలి. 2025 జూన్ 12న లండన్ బయలుదేరిన ఆ విమానంలో 242 మందిలో ఒక్కరే బతికారు. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి విమాన సంస్థ మీద దావాకు మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. ఒక్కో ప్రయాణికుడికి 1,51,880 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే యూనిట్ల) వరకు, నిరూపితమైన నష్టానికి, తన తప్పు లేదని సంస్థ తప్పించుకోలేదు. దావాకు గడువు రెండేళ్లు, అది దాటితే హక్కే పోతుంది. విమాన తయారీదారు మీద అమెరికాలో దావా వేయడం వేరే దారి. అక్కడ ఎదురయ్యేది 1981 నాటి పైపర్ వర్సెస్ రేనో తీర్పు. స్కాట్లండ్‌లో కూలిన చిన్న విమానం పెన్సిల్వేనియాలో తయారైనదే అయినా, కేసు స్కాట్లండ్‌లోనే నడవాలని అమెరికా సుప్రీంకోర్టు అంది. తెలుగు కుటుంబాలెవరైనా ‘అమెరికాలో వేస్తే కోట్లు వస్తాయట కదా’ అని అడిగితే ఆ తీర్పు సంగతి ముందే చెప్పండి. ఆశ పెట్టి తర్వాత కాదనిపించుకోవడం కన్నా అదే నయం.

ఇప్పటికి ఆంధ్రా యూనివర్సిటీయో, మరొకటో, మీరు చదివిన చోటికి మార్కుల పత్రాల కోసం దరఖాస్తు పంపించండి. ఒక శనివారం పొద్దున మీ వారితో కలిసి ఆడిసన్ విమానాశ్రయానికి వెళ్లి డిస్కవరీ ఫ్లైట్ ఎక్కి రండి. బయలుదేరేముందు ఇంధనం పట్టి చూసే గ్లాసు మీ చేతికి ఇమ్మని శిక్షకుడిని అడగండి.