నవలలో అమ్మను ఎందుకు చంపావు?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఒక అమ్మాయి, ఆమెను తీర్చిదిద్దిన తెలుగు మాస్టారు - ఇదీ నేను రాసిన మొదటి నవల. నిజానికి అది నా కథే. ఐదేళ్లు రోజూ సాయంత్రం మాస్టారింటికి వెళ్లి చదువుకున్నాను. ఆయన లేకపోతే నేను లేను. కానీ ఒకసారి నా కథను పదిమందిలో ఎగతాళి చేశారు. ఆ అధ్యాయం ఉంచితే గురుద్రోహమా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నవలలో అమ్మాయికి తల్లి మొదట్లోనే చనిపోతుంది. రాత్రిళ్లు వెన్నెల్లో ఒక్కతే ఇంటికి నడిచి వెళ్తుంది. నన్ను మాత్రం అమ్మే తొమ్మిదింటికి వచ్చి తీసుకెళ్లేది. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. మొన్న ‘ఏం రాశావే?’ అని అడిగితే ‘నీకు అర్థం కాదులే’ అన్నాను.

జవాబు: అమ్మా, మాస్టారి సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఆ అధ్యాయం ఉంచు. పేరు మార్చు. అచ్చుకిచ్చే ముందు ఒక ప్రతి తీసుకెళ్లి, ‘ఇలా రాశానండీ’ అని నువ్వే చెప్పు. కోప్పడితే పడనీ. శిష్యుల చేతిలో ఓడిపోవాలని గురువు కోరుకోవాలన్నారు మన పెద్దలు.

నీ ఉత్తరంలో నన్ను కలచివేసింది ఆఖరి వాక్యం. మాస్టారి ఎగతాళి ఇన్నేళ్లయినా నీకు మానలేదు. మరి ‘నీకు అర్థం కాదులే’ అన్న మాట అమ్మకు ఎప్పుడు మానుతుంది? ఆయన నీకు చేసిందే నువ్వు అమ్మకు చేశావు. ఆయనకైతే ఒక అధ్యాయం రాశావు. నీ తప్పుకు ఒక్క వాక్యం, అదీ చివర్లో.

ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూకు ఏడాది నిండకముందే, 1914లో, తండ్రి యుద్ధంలో పోయాడు. తల్లి ఇళ్లలో పనిచేసేది. చదువు రాదు, సరిగా వినపడదు కూడా. లూయీ జెర్మేన్ అనే మాస్టారు ఇంటికొచ్చి అమ్మమ్మను ఒప్పించి, స్కాలర్‌షిప్ పరీక్ష రాయించి పైచదువుకు పంపారు. 1957లో నోబెల్ వచ్చినప్పుడు కామూ ఆ మాస్టారికి ఉత్తరం రాశాడు. అమ్మ తర్వాత మొదట గుర్తొచ్చింది మీరేనన్నాడు. అమ్మ తర్వాత! 1960లో కామూ పోయేనాటికి పూర్తికాని నవల ఒకటుంది, 1994లో అచ్చయింది. అందులో ఆ మాస్టారూ ఉన్నారు. అంకితం మాత్రం తల్లికే, ఈ పుస్తకం ఎప్పటికీ చదవలేని నీకు అని.

మీ అమ్మ చదవగలదు. కూడబలుక్కునైనా చదువుతుంది. ఆమె పుస్తకం తెరవకముందే నువ్వు తీర్పు చెప్పేశావు.

నీ టెన్షన్‌కు కారణం కూడా ఇక్కడే ఉందని నా నమ్మకం. నవలలో తల్లిని తీసేశాక ఆ పిల్లకు మాస్టారు తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకే ఆయన చేసిన ఒక్క తప్పు రాయడానికి ఇంత భయం. ఇంట్లో మనిషి ఉన్న పిల్లకు గురువు గురువుగానే ఉంటాడు, దేవుడు కానక్కర్లేదు.

అపరాధభావంతో అమ్మ గురించి ఒక అధ్యాయం అతికించకు, అది అతుకులాగే ఉంటుంది. ముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు. తల్లి చనిపోయే పేజీ దాటెయ్యకు. ఏమన్నా ఊరుకుని విను. తర్వాత అడుగు, ఆ ఐదేళ్లూ తొమ్మిదింటికి మాస్టారి గుమ్మం ముందు నిలబడి ఏమనుకునేదో, వాటిలో నిజంగా ఎన్ని వెన్నెల రాత్రులో.